అరచేతిలో స్టేషను: తొలి భవన నమూనా కట్టేవారికి ఎదురయ్యే ప్రశ్నలు

పెట్టె మీద ఫొటోలో ఎర్ర ఇటుక గోడలు, మసి పట్టిన పొగగొట్టం, చూరు కింద నీడ, అరిగిన గుమ్మపు మెట్టు కనిపిస్తాయి. మూత తీస్తే నాలుగు ప్లాస్టిక్ పలకలు, చట్రానికి వేలాడే కిటికీలు, మడత పెట్టిన ఓ కాగితం. బొమ్మ రైళ్ల పక్కన నిలబెట్టే స్టేషనైనా, గోదామైనా, వీధి మూల దుకాణమైనా కిట్టు కొన్నవాళ్లకి ముందు ఎదురయ్యేది ఇదే. ఈ పలకలు ఆ ఫొటోలా మారడానికి అతికింపు ఎంత అవసరం, రంగు ఎంత అవసరం అన్నది ఈ అభిరుచిలో చాలా పాత చర్చ. దీని మీద పుస్తకాలు, పత్రికలు బోలెడు రాశాయి. సలహాలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కాస్త ఓపికున్న ఎవరైనా నాలుగు గోడలు నిలబెట్టగలరు. అది ఇల్లులా కనిపిస్తుందా, ప్లాస్టిక్ డబ్బాలా కనిపిస్తుందా అన్నది రంగే తేలుస్తుంది. పెట్టెలో వచ్చే సూచనల కాగితం మాత్రం సింహభాగం అతికింపుకే ఇచ్చి, రంగును ఒకటి రెండు వాక్యాల్లో తేల్చేస్తుంది. కొత్తవాళ్ల కష్టాలు చాలావరకు ఈ తలకిందుల పంపకం వల్ల వచ్చేవే.

ముందు కొలతలు

రైలు నమూనాల్లో ఎక్కువ ప్రచారంలో ఉన్నది హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87. అసలు ఒక అడుగు ఇక్కడ మూడున్నర మిల్లీమీటర్లు. పదడుగుల ఎత్తున్న అంతస్తు 35 మి.మీ.కి దిగుతుంది. అయిదడుగుల ఏడంగుళాల మనిషి రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. బ్రిటన్‌లో హెచ్‌ఓకి వాడే అదే 16.5 మి.మీ. పట్టాల మీద కొంచెం పెద్ద రైళ్లు నడుపుతారు. ఆ స్కేలును డబుల్ ఓ అంటారు, 1:76. ఇంకా చిన్నది కావాలంటే ఎన్ స్కేలు ఉంది, 1:160. అందులోనూ బ్రిటిష్ వాళ్లది వేరే, 1:148. ఈ అంకెలు చూసుకోకుండా కొంటే చిక్కే. ఏడడుగుల తలుపు హెచ్‌ఓలో ఇరవై నాలుగున్నర మి.మీ., డబుల్ ఓలో 28 మి.మీ. తేడా మూడున్నర మి.మీ.యే కదా అనిపిస్తుంది గానీ, రెండు ఇళ్లూ పక్కపక్కన పెడితే ఒకటి మనుషులదీ ఇంకొకటి రాక్షసులదీ అనిపించి తీరుతుంది.

ఈ లెక్కలోనే రంగు గురించి అసలు పాఠం దాగి ఉంది. నిజం గోడలో ఇటుకకీ ఇటుకకీ మధ్య దర్జు సుమారు 10 మి.మీ. ఉంటుంది. దాన్ని 87తో భాగిస్తే మిగిలేది మిల్లీమీటరులో పదో వంతు కంటే కొంచెం ఎక్కువ. మామూలు జిరాక్స్ కాగితం మందం దాదాపు అంతే. అంత సన్నని గీత కంటికి ఆనదు, రంగు కింద బతకదు. అందుకని కంపెనీలు దర్జుల్ని కాస్త వెడల్పుగా, లోతుగా అచ్చు పోస్తాయి. ఇప్పుడు ఎదురు లెక్క చూడండి. డబ్బాలోంచి తీసిన చిక్కటి రంగు రెండు మూడు పూతలు పూస్తే పదో వంతు మిల్లీమీటరు మందం ఇట్టే వచ్చేస్తుంది. స్కేల్లో అది దాదాపు 9 మి.మీ. అంటే మీరు ఇటుక గోడకి రంగు వేయలేదు, సిమెంటు ప్లాస్టరింగు చేశారు. రంగును పల్చగా కలిపి ఎక్కువ పూతలు వేయమని అనుభవజ్ఞులు అదే పనిగా చెప్పడానికి కారణం ఈ భాగహారమే.

పొడవు విషయంలో మాత్రం స్కేలును ఎవరూ నిష్ఠగా పాటించరు. నూరు మీటర్ల సరుకుల షెడ్డును నిజాయితీగా 87తో భాగిస్తే మీటరు దాటుతుంది, బల్ల మొత్తం దానికే చాలదు. కాబట్టి తలుపులు, కిటికీలు, అంతస్తు ఎత్తు సరిగ్గా ఉంచి, కిటికీల వరసలో కొన్నిటిని తగ్గించి భవనాన్ని కుదిస్తారు. చూసేవాళ్ల కన్ను తలుపును మనిషితో పోల్చుకుంటుంది గానీ కిటికీలు లెక్కపెట్టదు. కిట్టు కంపెనీల పని చాలావరకు ఈ ఉపాయం మీదే నడుస్తోంది.

ప్లాస్టిక్, అట్ట, చెక్క

తొలి కిట్టు దేనితో చేసినదై ఉండాలి? మూడు మార్గాలున్నాయి, మూడింటికీ భక్తులున్నారు.

ప్లాస్టిక్ మార్గానికి జర్మనీ పెద్ద దిక్కు. బ్లాక్ ఫారెస్ట్ కొండల్లోని గ్యూటెన్‌బాఖ్‌లో ఎడ్విన్, హెర్మన్ అనే అన్నదమ్ములు 1946లో మొదలుపెట్టిన ఫాలర్ కంపెనీ పేరు తెలియని రైలు అభిమాని ఉండడు. సాక్సనీలోని ఆవ్‌హాగెన్ 1885లో అట్టపెట్టెలు చేసే కంపెనీగా మొదలై తర్వాత ఈ దారిలోకి వచ్చింది. ఫాలర్ తరహా కిట్లలో గోడ ఒక రంగు ప్లాస్టిక్, కిటికీ చట్రాలు ఇంకో రంగు, కప్పు మరో రంగు. ముక్కలు చాలా ఉంటాయి, ఒకదానిలో ఒకటి చక్కగా కూర్చుంటాయి. కిటికీల వెనక అంటించుకోవడానికి పరదాల బొమ్మలు ముద్రించిన కాగితం కూడా ఇస్తారు. రంగు వేయకపోయినా ఇల్లు ఇల్లులాగే నిలబడుతుంది. కొత్తవాళ్లకి ఇది వరమే గానీ, ఆ వరమే ఒక ఉచ్చు కూడా. రంగు అక్కర్లేదనిపించేలా చేస్తుంది. అలా వదిలేసిన ఇంటి మీద వెలుతురు పడితే గోడ జిడ్డుగా మెరుస్తుంది, ఆటబొమ్మ అని ఒప్పేసుకుంటుంది.

అమెరికన్ పద్ధతి వేరు. డీపీఎం పేరుతో వచ్చే వీధి భవనాల కిట్లలో గోడలు ఒకే రంగు ప్లాస్టిక్, తలుపులూ కిటికీలూ గోడతో కలిసే అచ్చులో వస్తాయి. ముక్కలు తక్కువ. మూలలు ఆకురాయితో మీరే సరిచేసుకోవాలి. రంగు వేయకుండా వాటిని చూడలేం. 1932లో మిల్వాకీలో మొదలైన వాల్తర్స్ సంస్థ కార్నర్‌స్టోన్ వరస ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటుంది.

అట్ట కిట్లు ఇంగ్లండ్ ఇష్టం. యార్క్‌షైర్‌కు చెందిన మెట్‌కాఫ్ సంస్థ ఇటుక, రాయి బొమ్మలు ముద్రించిన అట్టను ముక్కలుగా కోసే ఉంచి అమ్ముతుంది. వేళ్లతో నొక్కి ఊడదీసి, మడిచి, ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతో అతికిస్తే ఇల్లు తయారవుతుంది. రంగు పని దాదాపు లేదు, ఖర్చూ తక్కువ. లోటల్లా అంచుల దగ్గరే. కోసిన చోట అట్ట తెల్లగా కనిపించి గుట్టు బయటపెడుతుంది. వాటర్ కలర్ పెన్సిలు ఒక్కసారి అంచు వెంట నడిపిస్తే సగం పైగా పోతుంది. ఇంత చిన్న పనిని కూడా చాలామంది చేయరు.

చెక్క కిట్లలో పెద్ద పేరు మసాచుసెట్స్‌లో జార్జ్ సెలియోస్ 1967లో మొదలుపెట్టిన ఫైన్ స్కేల్ మినియేచర్స్. చెక్కపుల్లలు, లోహపు చిన్న చిన్న సామాన్లు, పటాలు ఇచ్చి మిగతాదంతా మీ చేతికే వదిలే కిట్లు అవి. ఇప్పుడు లేజర్‌తో కోసిన చెక్క కిట్లు వచ్చాక ఆ కష్టం బాగా తగ్గింది. ముక్కలు గాడిలో కూర్చుంటాయి, కప్పు పెంకుల వరసలు వెనక కాగితం ఒలిచి అంటించేయవచ్చు. లేజర్ తాకిన అంచు మాత్రం మాడి నల్లబడుతుంది, దాన్ని ఉప్పుకాగితంతో రుద్దుకోవాలి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. పల్చటి చెక్క గోడకి ఒక వైపే నీళ్ల రంగు పూస్తే ఆ వైపు ఉబ్బి గోడ పడవలా వంగుతుంది. రెండు వైపులా ప్రైమర్ పూసి, వెనక అడ్డుపట్టీలు అతికించాకే రంగు జోలికి వెళ్లాలి. త్రీడీ ప్రింటింగుతో వచ్చే ఇళ్లు నాలుగో మార్గం అవుతాయని కొందరంటున్నారు. పొరల గీతలు కనిపించకుండా చేయడానికి పడే పాట్లు చూస్తే తొలి ప్రయత్నానికి నేను సిఫారసు చేయను.

మనవాళ్లకి ఇంకో సంగతి కూడా ఉంది, విదేశీ పుస్తకాల్లో కనిపించనిది. అట్టకి వెండిచేపల పురుగు, చెక్కకి చెదలు పడతాయి. వానాకాలంలో అట్ట కప్పులు మూలల దగ్గర లేస్తాయి. కోస్తాలో ఉండేవాళ్లు తొలి కిట్టుగా ప్లాస్టిక్ ఎంచుకోవడమే మేలు. అందులోనూ ఇటుక గోడలున్న, ముక్కలు తక్కువ ఉన్న చిన్న భవనం. మూడంతస్తుల హోటలు, గోపురమున్న చర్చి జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

అతికింపు

ఇక్కడ చెప్పాల్సింది తక్కువ, కానీ అది కచ్చితంగా చెప్పాలి.

ఈ కిట్లలో వాడే ప్లాస్టిక్ పాలీస్టైరీన్. దీనికి వాడే జిగురు నిజానికి జిగురే కాదు, ద్రావకం. ప్లాస్టిక్ పై పొరను కరిగించి రెండు ముక్కల్నీ ఒకటిగా కలిపేసి, తాను ఆవిరైపోతుంది. టమియా వారి పల్చటి సిమెంటు సీసా ఇందులో బాగా వాడుకలో ఉంది. రెండు ముక్కల్నీ ముందు జోడించి పట్టుకుని, తర్వాత సందు మీద కుంచె తాకిస్తే ద్రవం తనంతట తానే సందులోకి పాకుతుంది. కరగాలి కాబట్టే రంగు పూసిన చోట ఇది పనిచేయదు. అతికే అంచుల మీద రంగు ఉంటే బ్లేడుతో గీకేయాలి. ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ లోహానికీ రెజిన్‌కీ సరే గానీ కిటికీ అద్దాల దగ్గరికి తేకూడదు. దాని ఆవిరికే పారదర్శక ప్లాస్టిక్ తెల్లగా మసకబారుతుంది. అద్దాలకి తెల్ల జిగురు చాలు. భవన నమూనాలు చేసే షాపుల్లో ఆక్రిలిక్ షీట్లు అతికించడానికి సిరంజితో క్లోరోఫాం వేస్తుంటారు. ఆ అలవాటును ఇంటి గదిలోకి తేవద్దు, ఊపిరికి మంచిది కాదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్, గోళ్ల రంగు చెరిపే ఎసిటోన్ కూడా పాలీస్టైరీన్‌ని నమిలేస్తాయి. వాటితో రంగు కడగబోతే గోడే పోతుంది.

ముక్కల్ని చట్రం నుంచి విరవకూడదు. నిప్పర్‌తో కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన మొటిమను బ్లేడుతో, ఉప్పుకాగితంతో తీసేయాలి. అచ్చులోంచి ముక్క తేలిగ్గా ఊడి రావడానికి వాడిన నూనె జిడ్డు మిగిలి ఉండొచ్చు. కాబట్టి గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. అది ఉంటే రంగు పట్టదు.

ఇక మూల. నమూనా భవనం బాగోగులు చూడాలంటే నేను ముందు చూసేది మూలనే. డీపీఎం తరహా కిట్టులో రెండు గోడలూ ఏటవాలు అంచులతో కలుసుకుంటాయి. ఆ వాలులో ఎక్కడైనా చిన్న గుబ్బ మిగిలితే రెండు గోడల మధ్య వెంట్రుకంత సందు నిలువునా కనిపిస్తుంది. నిజం ఇంట్లో ఇటుక వరసలు మూల తిరిగి అవతలి గోడలోకి సాగుతాయి. ఈ సందు ఆ వరసల్ని తెగ్గొడుతుంది, రంగు వేశాక నల్లగా ఇంకా స్పష్టంగా తేలుతుంది. గాజు పలక మీద ఉప్పుకాగితం పరిచి, అంచును దాని మీద అడ్డంగా రుద్ది, అతికించకుండానే గోడలు జోడించి, దీపానికి ఎదురుగా పట్టి చూడాలి. వెలుతురు రాకపోతే సరే. తర్వాత వడ్రంగులు వాడే మూలమట్టం లాంటిది చిన్నది ఒకటి లోపలి వైపు ఆనించి తొంభై డిగ్రీలు నిలబెట్టి సిమెంటు తాకించాలి. మొదటి మూల వంకరైతే నాలుగో మూల కలవదు, కప్పు కూర్చోదు. ఇంటికి పునాది ఎంతో కిట్టుకి మొదటి మూల అంత. ఆ మూల ఒక రాత్రంతా కదపకుండా వదిలేయాలి. అప్పుడే రెండో మూల.

ముందు రంగా, ముందు అతుకా?

ఈ వివాదం తెగదు. గోడలు నిలబెట్టాక రంగు వేస్తే మూలల్లో రంగు ఒకేలా సాగుతుంది, అతుకులు కప్పబడతాయి. ముందే వేస్తే కిటికీ చట్రాల అంచులు గీత గీసినట్టు శుభ్రంగా వస్తాయి, చూరు కిందికి కుంచె పోలేదన్న బాధ ఉండదు.

కొండపల్లి బొమ్మల పని చూసినవాళ్లకి మొదటి పద్ధతి సహజం అనిపిస్తుంది. తెల్ల పొణికి కర్రతో అవయవాలు విడిగా చెక్కి, చింతగింజల పొడితో రంపంపొట్టు కలిపిన మక్కుతో అతికించి, అదే మక్కుతో సందులు పూడ్చి, సున్నపు పూత వేశాక గానీ రంగు ముట్టుకోరు. అక్కడ అతుకు కనిపించకూడదు, బొమ్మ ఒకే ప్రాణిలా ఉండాలి. సున్నపు పూత చేసే పని ఇక్కడ ప్రైమర్ చేస్తుంది. లోపాలు బయటపెట్టి, పై రంగును పట్టి ఉంచుతుంది. కానీ భవనం ఒకే ప్రాణి కాదు. ఇటుక, చెక్క, రేకు, గాజు వేర్వేరు వస్తువులు, వాటి మధ్య గీత స్పష్టంగా కనిపించాల్సిందే. కాబట్టి నా మొగ్గు మధ్యేమార్గానికి. ఒకే రంగు పడేవన్నీ ముందు అతికించాలి, రంగు మారిన చోట ఆగాలి. నాలుగు గోడలు నిలబెట్టి ఇటుక రంగు వేయండి. కిటికీలు, తలుపులు చట్రం మీద ఉండగానే వేసుకోండి. కప్పు విడిగా. అద్దాలు, కప్పు అన్నిటికంటే చివర. విడి కిటికీలు లేని డీపీఎం తరహాకి ఈ సౌకర్యం లేదు. అక్కడ గోడ రంగు ముందు, చట్రాలు సన్న కుంచెతో తర్వాత.

కిట్టులో దీపం పెట్టే ఆలోచన ఉంటే ఇదే దశలో లోపలి గోడలకి నల్ల రంగు వేసేయాలి. లేకపోతే ఎల్‌ఈడీ వెలిగించగానే గోడంతా లాంతరు గాజులా వెలుగుతుంది, మూలల సందుల్లోంచి కిరణాలు దూకుతాయి.

ఎయిర్‌బ్రష్ కొనాలా అని తరచుగా అడుగుతుంటారు. తొలి కిట్టుకి అక్కర్లేదు. బూడిదరంగు ప్రైమర్ స్ప్రే డబ్బా ఒకటి, ఆక్రిలిక్ రంగులు అయిదారు, ఒక పట్టీ కుంచె, ఒక సన్న కుంచె సరిపోతాయి. ఎనామిల్ రంగులు గట్టిగా పడతాయి గానీ వాసన, ఆరడానికి పట్టే సమయం ఇబ్బంది. స్ప్రే విషయంలో మన వాతావరణాన్ని తలుచుకోవాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు లాకర్ స్ప్రే కొడితే పూత మీద తెల్లటి మబ్బు కమ్ముతుంది. విశాఖలో, మచిలీపట్నంలో వాన ముసురు పట్టిన రోజు స్ప్రే డబ్బా ముట్టుకోకపోవడం మంచిది. రాయలసీమ, తెలంగాణ ఎండల్లో ఇబ్బంది దీనికి తిరగబడుతుంది. ఆక్రిలిక్ రంగు కుంచె మీదే ఎండిపోయి చారలు పడుతుంది. తెల్లవారుజామున పని చేసుకోవడం, రంగు ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ ఒక చుక్క కలుపుకోవడం దీనికి మందు.

ఇటుక గోడ దగ్గర కాసేపు

ఇటుక గోడకి ఎర్ర రంగు వేయాలని ఎవరన్నారు? మన ఊరి ఆవం నుంచి వచ్చిన ఇటుకల్ని చూడండి. నారింజ, గోధుమ, మాడినవి ఊదా నలుపు, సగం కాలినవి పసుపు. ఏ రెండూ ఒకేలా ఉండవు. సీసాలో ఎర్ర రంగుకి కాస్త గోధుమ, కాస్త నారింజ కలిపి, చివర్లో చిటికెడు లేత బూడిద కూడా కలపాలి. దూరం నుంచి చూసే వస్తువు రంగు గాలిలో కొంత వెలుస్తుంది. నమూనాను మనం చూసేది అడుగు దూరం నుంచే అయినా, స్కేలు ప్రకారం అది 87 అడుగుల దూరం.

దర్జుల విషయంలో రెండు బడులున్నాయి. ఒక బడి గోడంతా ముందు సిమెంటు రంగు పూసి, తర్వాత దాదాపు పొడిగా ఉన్న పట్టీ కుంచెను లేదా స్పాంజిని ఇటుకల మీద తేలిగ్గా నడిపిస్తుంది. పైకి తేలిన ఇటుక ముఖాలకే రంగంటుతుంది, గాడిలో సిమెంటు మిగులుతుంది. చెయ్యి కుదిరితే అద్భుతం, కొత్త చెయ్యి కొంచెం ఒత్తితే గాడులు నిండిపోతాయి. రెండో బడి ముందు ఇటుక రంగు వేసి బాగా ఆరనిచ్చి, తర్వాత గాడులు నింపుతుంది. విదేశాల్లో దీనికి గోడ సందులు పూడ్చే ముద్ద వాడతారు. మన ఇళ్లకి రంగులేసేవాళ్లు వాడే లప్పం పొడి అదే పని చేస్తుంది. దానిలో కాస్త బూడిద రంగు, నీళ్లు కలిపి పెరుగులా చేసి, గోడ మీద వేలితో రుద్ది, అరగంట ఆగి, తడి ఆరబోతున్నప్పుడు పాత నూలు గుడ్డతో తుడవాలి. తుడిచేటప్పుడు ఇటుక వరస వెంట కాకుండా ఏటవాలుగా తుడవాలి. వరస వెంట తుడిస్తే గుడ్డ గాడిలోకి దిగి నింపినదంతా లాక్కుపోతుంది. చివరికి ఇటుక ముఖాల మీద సన్నటి తెల్లదనం మిగులుతుంది, అదే బాగుంటుంది. ఆపైన రంగు పెన్సిళ్లు తీసుకుని అక్కడక్కడా ఒక్కో ఇటుకను ముదురు, లేత చేస్తూ పోవాలి. ఒక్క గోడకి అయిదారు నిమిషాల పని. ఇంత తక్కువ శ్రమకి ఇంత ఫలితమిచ్చేది ఈ అభిరుచిలో ఇంకోటి లేదని నా నమ్మకం. కొత్తవాళ్లకి నేను రెండో బడినే సూచిస్తాను, తప్పుపోతే నీళ్లతో కడిగేసి మళ్లీ చేసుకోవచ్చు.

అన్నిటి మీదా చివర మ్యాట్ వార్నిష్ పల్చగా. ఇల్లు మెరవకూడదు, అద్దాలు తప్ప. అందుకే అద్దాలు అంటించేది ఆ తర్వాత.

ఎంత మురికి?

కొత్త రంగు ఆరిన ఇల్లు నిన్న గృహప్రవేశం అయినట్టుంటుంది. దాన్ని ఎండకీ వానకీ వదిలినట్టు చేయడాన్ని వెదరింగ్ అంటారు. ఈ కళకి పేరు తెచ్చినవాళ్లలో మొదట చెప్పాల్సింది జాన్ ఆలెన్‌ని. కాలిఫోర్నియాలోని మాంటెరేలో తన ఇంటి నేలమాళిగలో ఆయన కట్టిన గోరీ అండ్ డెఫీటెడ్ రైలు మార్గంలో ప్రతి గోడా వాడి అరిగినట్టే కనిపించేది. 1973 జనవరిలో ఆయన పోయారు. కొద్ది రోజులకే అగ్నిప్రమాదంలో ఆ నమూనా కూడా పోయింది, ఫొటోలు మిగిలాయి. సెలియోస్ తన కిట్లలోనూ సొంత నమూనా నగరంలోనూ ఆ బాటను ఇంకా ముందుకు తీసుకెళ్లారు. మాంద్యం కాలపు వీధులు, పెచ్చులూడిన ప్రకటనలు, కూలబోయే మెట్లు. చూడటానికి గొప్పగా ఉంటుంది. కానీ ఆ ప్రభావంలో ప్రతి ఇల్లూ శిథిలం కావడం మొదలైంది. ఏ ఊళ్లోనైనా అన్ని గోడలూ ఒకే ఏడాది పాడవుతాయా?

దీనికి ఎదురుగా ఇంగ్లండ్‌లో పెండన్ మ్యూజియం ఉంది. ఆస్ట్రేలియా నుంచి 1925లో ఇంగ్లండ్ వచ్చిన రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన, వేల్ ఆఫ్ వైట్ హార్స్ లోయలో పాత గడ్డి కప్పుల ఇళ్లు ఒక్కొక్కటే రూపు మారుతుంటే చూసి, అవి పోయేలోపు నమూనాలుగా నిలపాలని పూనుకున్నారు. 1954లో మొదలైన ఆ మ్యూజియంలో ఇళ్లు 1:76లో, చాలావరకు అట్టతో చేసినవి, గోడలకి వాటర్ కలర్లు. ఇక్కడ మురికి ఒక శైలి కాదు. ఫలానా ఇంటి ఫలానా గోడ మీద ఉన్నదే ఉంటుంది. రైలు నమూనాకి ప్రకృతి దృశ్యం జోడించిన తొలితరం వారిలో ఒకరైన జాన్ ఆహెర్న్ కట్టిన మాడర్ వ్యాలీ కూడా ఇప్పుడు అక్కడే ఉంది.

నా ఓటు పెండన్‌కి. మురికి వేయాలంటే ముందు నీళ్లు ఎటు పోతాయో చూడాలి. మన గోడల మీదే చూడండి. వాన చినుకు నేల మీద పడి ఎగిరి గోడ అడుగున అడుగెత్తు వరకు ఎర్రమట్టి మరక వేస్తుంది, హెచ్‌ఓలో అది మూడున్నర మి.మీ. కిటికీ సన్‌షేడ్ కింద రెండు చివర్లా నల్ల చారలు దిగుతాయి, నడుమ గోడ శుభ్రంగా ఉంటుంది. పిట్టగోడ పైన నాచు ఎండి నల్లబడుతుంది. రేకుల కప్పు మీద తుప్పు మేకుల దగ్గర మొదలై కిందికి జారుతుంది. ఇవి నాలుగూ వేస్తే చాలు, ఇల్లు బతికినట్టుంటుంది. సాధనాలు కూడా మామూలువే. నలుపు కాకుండా ముదురు గోధుమ రంగును నీళ్లలా పల్చగా కలిపి పారించడం, మ్యాట్ పూత మీద రంగు సుద్దల పొడిని మెత్తటి కుంచెతో అద్దడం. చాలదనిపించిన చోట ఆపేయడమే మంచిది. మర్నాడు పగటి వెలుతురులో చూస్తే సరిపోయిందనిపిస్తుంది.

ఇల్లు పూర్తయ్యాక నేల మీద పెట్టడంలోనే చాలామంది ఓడిపోతారు. గోడకీ నేలకీ మధ్య సన్నటి చీకటి గీత ఉంటే ఎంత మంచి రంగైనా వృథా. అడుగున జల్లించిన మట్టి పోసి, నీళ్లు కలిపిన తెల్ల జిగురు చుక్కలు వేస్తే ఆ గీత పోతుంది.

మన స్టేషన్లు

హాంబర్గ్‌లో బ్రౌన్ సోదరులు 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌లాండ్ 1:87లో ఊళ్లకు ఊళ్లనే నిలబెట్టింది. మన దగ్గర పుణెలో జోషీ కుటుంబపు మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. కానీ పెద్ద కంపెనీల కిట్ల జాబితాల్లో బవేరియా స్టేషన్లు, అమెరికా ధాన్యపు గోదాములు కనిపిస్తాయి గానీ మన బ్రాడ్‌గేజ్ స్టేషన్లు కనిపించవు. పట్టాలదీ ఇదే కథ. మన గేజ్ 1676 మి.మీ.కి హెచ్‌ఓలో పంతొమ్మిది మి.మీ. పైన రావాలి, దొరికే పట్టా పదహారున్నర. కొందరు సర్దుకుంటారు, కొందరు పట్టా సొంతంగా వేసుకుంటారు.

అందుకని విదేశీ కిట్టుతో చెయ్యి తిరిగాక రెండో భవనం మనదే కట్టుకోవాలి. కాచిగూడ జోలికి వెంటనే వెళ్లక్కర్లేదు, 1916 నాటి ఆ గోపురాలు ఇంకో పదేళ్ల అనుభవం అడుగుతాయి. ఒక గది, ముందు చిన్న వరండా, పసుపు పలక మీద నల్ల అక్షరాలతో మూడు భాషల్లో పేరు ఉన్న పాసింజరు స్టేషను చాలు. సన్‌బోర్డు, ప్లాస్టిక్ షీటు, దొరికిన కిట్లలో మిగిలిన కిటికీలు సరిపోతాయి.

అయితే ఆ చిన్న స్టేషన్లు వేగంగా మారిపోతున్నాయి. అమృత్ భారత్ పథకం కింద 2023 ఆగస్టు 6న ఒకేసారి 508 స్టేషన్ల పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది. వాటిలో తెలంగాణవి 21, ఆంధ్రప్రదేశ్‌వి 18. ప్రయాణికులకి మేలే. కానీ రాతి గోడలు, చెక్క చూరులు, పాత టికెట్టు కిటికీలు ఎక్కడెక్కడ మిగులుతాయో ఎవరూ చెప్పలేరు. మీ ఊరి స్టేషను ఇంకా పాత రూపంలోనే ఉంటే స్టేషన్ మాస్టర్ అనుమతి తీసుకుని, ఒక టేపు పట్టుకుని వెళ్లండి. తలుపు ఎత్తు, కిటికీ వెడల్పు, గోడ పొడవు రాసుకోండి. నాలుగు వైపుల నుంచీ ఎదురుగా నిలబడి ఫొటోలు తీయండి, చూరు కింద నీడలో ఉన్నది కూడా. నమూనా కట్టేది వచ్చే ఏడాది అయినా ఫరవాలేదు, కొలతలు మాత్రం ఈ నెలే తీసుకోండి.